స్పేషియల్ ఆడియో బాగా వినిపించాలంటే వాల్యూమ్ ఎంత పెట్టాలి?

స్పేషియల్ ఆడియో అంటే శబ్దం మన చుట్టూ, పైనా, వెనకా ఉన్నట్టు వినిపించే పద్ధతి. డాల్బీ అట్మాస్ అందులో ఒక రకం. అలాంటి పాట పెట్టుకుని విన్నవాళ్లలో చాలామంది రెండే మాటలు చెబుతారు. "అబ్బ, చుట్టూ తిరుగుతోంది" అనేది ఒకటి. "ఏముంది, మామూలు పాటే కాస్త పలచగా వినిపిస్తోంది" అనేది రెండోది. చిత్రం ఏమిటంటే ఇద్దరూ ఒకే పాట, ఒకే రకం హెడ్‌ఫోన్స్‌తో విని ఉండవచ్చు. వాల్యూమ్ మాత్రం వేరు. స్పేషియల్ ఆడియో గురించి మాట్లాడేటప్పుడు హెడ్‌ఫోన్ మోడల్, యాప్, ఫైల్ నాణ్యత అన్నీ చర్చిస్తాం కానీ, ఎంత గట్టిగా విన్నాం అన్నది ఎవరూ అడగరు. నా లెక్కలో మొదట అడగాల్సింది అదే.

వాల్యూమ్ మారితే ఏది మారుతుందో, ఏది మారదో ముందు తెలియాలి. కుడి, ఎడమ పెద్దగా మారవు. ఒక పక్క నుంచి వచ్చే శబ్దం దగ్గరి చెవికి ముందు చేరుతుంది, కాస్త గట్టిగా చేరుతుంది. చెవికీ చెవికీ మధ్య ఆ కాలవ్యవధి మహా అయితే సెకనులో పదివేల వంతుల్లో ఆరేడు. మెదడు దాన్నే పట్టుకుని దిక్కు చెబుతుంది. భౌతిక శాస్త్రవేత్త లార్డ్ రేలీ 1907లోనే ఈ సంగతి వివరించాడు. వాల్యూమ్ పెంచినా తగ్గించినా రెండు చెవుల మధ్య తేడా అంతే ఉంటుంది కాబట్టి గిటార్ ఎడమనే ఉంటుంది, వయొలిన్ కుడినే ఉంటుంది.

మారేవి వేరే ఉన్నాయి: శబ్దం ఎంత దూరంలో ఉంది, ఎంత ఎత్తులో ఉంది, గది ఎంత పెద్దది, కింద బేస్ ఎంత నిండుగా ఉంది. స్పేషియల్ ఆడియో కోసం మనం డబ్బు పెట్టేది సరిగ్గా వీటికే. ఇక పని మొదలుపెడదాం.

దశ 1: వింటున్నది నిజంగా స్పేషియల్ ఆడియోనేనా?

ఐఫోన్‌లో కంట్రోల్ సెంటర్ తెరిచి వాల్యూమ్ పట్టీని నొక్కి పట్టుకుంటే, ఆ సౌకర్యం ఉన్న హెడ్‌ఫోన్స్‌కి స్పేషియల్ ఆడియో బొమ్మ కనిపిస్తుంది. అందులో ఆఫ్, ఫిక్స్‌డ్, హెడ్ ట్రాక్డ్ అనే ఎంపికలుంటాయి. ఈ పరీక్షలకు ఫిక్స్‌డ్ పెట్టండి. తల తిప్పినప్పుడల్లా శబ్దం కదిలితే మీరు వాల్యూమ్ ప్రభావాన్ని వింటున్నారో, తల కదలికనో తేలదు. పరీక్ష అయ్యాక హెడ్ ట్రాకింగ్ మళ్లీ పెట్టుకోవచ్చు. శబ్దం తల లోపల కాకుండా బయట ఉన్నట్టు అనిపించడానికి అది బాగానే సాయం చేస్తుంది.

ఆండ్రాయిడ్ ఫోన్లలో చాలావాటికి సెట్టింగ్స్‌లోనే ఒక అట్మాస్ స్విచ్ ఉంటుంది. అది మామూలు స్టీరియో పాటను కూడా సాగదీసి వెడల్పు చేస్తుంది. హెడ్‌ఫోన్ కంపెనీ యాప్‌లో ఇంకో సరౌండ్ మోడ్ ఉంటుంది. రెండూ ఆన్‌లో ఉంటే రివర్బ్ (గది ప్రతిధ్వని) మీద రివర్బ్ పడి శబ్దం బావిలోంచి వచ్చినట్టు ఉంటుంది. ఒక్కటే ఉంచండి. బేస్‌నూ సన్నటి శబ్దాలనూ పెంచి తగ్గించే ఈక్వలైజర్ కూడా ప్రస్తుతానికి ఆపేయండి.

దశ 2: మధ్యది మధ్యలో ఉందా?

మీ గొంతునే ఫోన్‌లో రికార్డ్ చేసి వినండి. సాధారణంగా అది మోనో, అంటే రెండు చెవులకూ ఒకే శబ్దం పంపే రికార్డింగ్ కాబట్టి ముక్కుకు సూటిగా, తల మధ్యలో వినిపించాలి. ఒక పక్కకు జరిగితే ముందు ఇయర్‌టిప్స్ చూడండి. ఒక చెవిలో సరిగ్గా కూర్చోకపోతే బేస్ కారిపోతుంది, బేస్ తగ్గితే మనం తెలియకుండానే వాల్యూమ్ పెంచుతాం. చెవిలో గుబిలి ఉన్నా ఇదే కథ. సెట్టింగ్స్‌లో యాక్సెసిబిలిటీ కింద ఉండే బ్యాలెన్స్ పట్టీ మధ్యలో ఉందో లేదో కూడా ఒకసారి చూడండి. ఎప్పుడో వేలు తగిలి జరిగిపోయి ఉంటుంది, నెలల తరబడి గమనించం.

గుండ్రటి నాబ్ ఉన్న పాతకాలపు ఆంప్లిఫయర్ వాడేవాళ్లకు ఒక ప్రత్యేకమైన తలనొప్పి ఉంది. అలాంటి నాబ్‌లలో చాలావాటికి, బాగా తక్కువ వాల్యూమ్ దగ్గర కుడి ఎడమ ఛానళ్లు సమానంగా ఉండవు. చెవుల మధ్య ఒక డెసిబెల్ (శబ్దం గట్టితనానికి కొలత) తేడా వచ్చినా మధ్యలో ఉన్న గాయని పక్కకు జరుగుతుంది. నాబ్‌ను పదకొండు గంటల వైపుకో, పన్నెండు వైపుకో తిప్పి ఉంచి, ఫోన్‌లోనో కంప్యూటర్‌లోనో తగ్గించుకోండి.

దశ 3: గదిని నిశ్శబ్దం చేయండి

ఈ దశను చాలామంది దాటేస్తారు, నేను మాత్రం ఇక్కడే ఎక్కువసేపు ఆగుతాను. గది పెద్దదా చిన్నదా, గాయకుడు దగ్గరా దూరమా అన్నది మెదడుకు చెప్పేది ముఖ్యంగా రివర్బ్, అంటే అసలు శబ్దం ఆగాక గోడలకు తగిలి వస్తూ మెల్లగా కరిగిపోయే తోక. ఆ తోక చాలా బలహీనమైనది. బయటి చప్పుడులో ముందు మునిగిపోయేది అదే.

చిన్న లెక్క వేద్దాం. ఒక పెద్ద హాలులో శబ్దం 60 డెసిబెల్స్ తగ్గడానికి 2 సెకన్లు పడుతుందనుకోండి. మీరు 75 డెసిబెల్స్ దగ్గర వింటున్నారు, మీ గదిలో చప్పుడు 35 ఉంది. అప్పుడు తోక 40 డెసిబెల్స్ తగ్గేవరకు వినిపిస్తుంది, అంటే దాదాపు సెకనుంపావు పైన. అదే పాటను 55 దగ్గర వింటే మిగిలేది 20 డెసిబెల్స్, సెకనులో మూడింట రెండు వంతులు. ఇప్పుడు ఫ్యాన్ ఫుల్‌లో పెట్టి గది చప్పుడు 45కి వచ్చిందనుకోండి. 55 దగ్గర వినేవాడికి తోక సెకనులో మూడో వంతు మాత్రమే మిగులుతుంది. ఫైల్ అదే, హాలు అదే, కానీ అతనికి వినిపించేది ఒక బెడ్‌రూమ్. చెవి ఇంత సూటిగా పనిచేయదు, ఇది ఉజ్జాయింపు లెక్కే. అయినా దిశ మాత్రం ఇదే. వాల్యూమ్ ఎంత అన్నదానికన్నా, చుట్టూ ఉన్న చప్పుడు మీద ఎంత ఎత్తులో ఉంది అన్నదే గది పరిమాణాన్ని తేలుస్తుంది.

కాబట్టి పాట తక్కువగా అనిపిస్తే చెయ్యి వాల్యూమ్ మీదికి వెళ్లే ముందు ఫ్యాన్ రెగ్యులేటర్ మీదికి వెళ్లాలి. కిటికీ మూయండి. వంటింట్లో మిక్సీ ఆగేదాకా ఆగండి. మే నెలలో ఫ్యాన్ ఆపమంటే ఎవరికైనా కోపం వస్తుంది, ఒప్పుకుంటాను. నాయిస్ క్యాన్సిలేషన్ ఉన్న హెడ్‌ఫోన్స్ అక్కడ అక్కరకొస్తాయి. ఫ్యాన్, ఏసీ, బస్సు ఇంజిన్ లాంటి ఎడతెగని బేస్ మోతను అవి బాగా తగ్గిస్తాయి. పక్కింటి టీవీ మాటలను అంతగా తగ్గించలేవు.

దశ 4: మీ ఆధార స్థాయిని పట్టుకోండి

ఇంట్లో ఒకరిని మీటరు దూరంలో ఎదురుగా కూర్చోబెట్టి, పేపర్‌లో నాలుగు లైన్లు మామూలు గొంతుతో చదవమనండి. ఆ గట్టితనం దాదాపు 60 డెసిబెల్స్. అది చెవిలో ఉండగానే హెడ్‌ఫోన్స్ పెట్టుకుని, వార్తలు చదివే గొంతునో పాడ్‌కాస్ట్‌నో పెట్టి, ఎదురుగా కూర్చుని మాట్లాడుతున్నంతగా వినిపించేదాకా వాల్యూమ్ సరిచేయండి. ఆ స్థానం గుర్తుపెట్టుకోండి. అక్కడే సంగీతం పెడితే మామూలుగా 65 నుంచి 75 మధ్య వస్తుంది. చాలా రికార్డింగులకు స్పేషియల్ అనుభూతి బాగా విచ్చుకునేది ఈ ప్రాంతంలోనే అని నా అభిప్రాయం.

ఈ పద్ధతి ఎందుకు పనిచేస్తుందంటే, మనిషి గొంతు ఎంత దూరం నుంచి ఎంత గట్టిగా వినిపించాలో మనకు పుట్టినప్పటి నుంచి అలవాటు. ఆరుబయట దూరం సగమైతే శబ్దం 6 డెసిబెల్స్ పెరుగుతుంది. హెడ్‌ఫోన్స్‌లో వాల్యూమ్ పెంచితే గొంతు దగ్గరికి వచ్చినట్టు అనిపించేది అందుకే. గుసగుసను కేక అంత గట్టిగా వినిపిస్తే మాత్రం మెదడు నమ్మదు. గొంతు తీరు ఒకటి చెబుతుంది, గట్టితనం మరొకటి చెబుతుంది. నమ్మకం పోయిన చోట శబ్దం మళ్లీ తలలోకి వచ్చి కూర్చుంటుంది.

కొలత కావాలంటే ఐఫోన్ కంట్రోల్ సెంటర్‌లో హియరింగ్ అనే చెవి బొమ్మ చేర్చుకోండి. పాట నడుస్తుండగా అది హెడ్‌ఫోన్ స్థాయిని డెసిబెల్స్‌లో చూపిస్తుంది. యాపిల్ సొంత హెడ్‌ఫోన్స్‌కి ఆ అంకె నమ్మదగ్గది, వేరే కంపెనీవైతే అంచనా మాత్రమే. వేరేవి వాడుతుంటే బ్లూటూత్ సెట్టింగ్స్‌లో డివైస్ టైప్ దగ్గర హెడ్‌ఫోన్ అని ఎంచుకోండి. ఆండ్రాయిడ్ వాళ్లు పెద్ద కప్పుల హెడ్‌ఫోన్ అయితే, మరో ఫోన్‌లో సౌండ్ మీటర్ యాప్ పెట్టి దాని మైక్‌ను కప్పు లోపలికి ఆనించి చుట్టూ చేత్తో మూసి కొలవవచ్చు. అయిదారు డెసిబెల్స్ అటూ ఇటూ వస్తుంది. చెవిలో దూర్చే ఇయర్‌బడ్స్‌కి ఈ కిటుకు పనికిరాదు, గొంతు పద్ధతే గతి.

ఇక్కడ ఒక వింత ఉంది. చెవి దగ్గర ఒకే ఒత్తిడి ఉన్నా స్పీకర్ శబ్దం గట్టిగా, హెడ్‌ఫోన్ శబ్దం మెల్లగా అనిపించవచ్చని మన్సన్, వీనర్ అనే పరిశోధకులు 1952లోనే రాశారు. ఆ తేడా దాదాపు 6 డెసిబెల్స్ అని దానికి పేరే పడిపోయింది. దాని కారణాల మీద వాదనలు చాలాకాలం సాగాయి. మనకు కావలసింది ఇంతే: స్పీకర్లతో సమానంగా వినిపించాలని చెవితో సరిచేస్తే, తెలియకుండానే అవసరమైన దానికన్నా ఎక్కువ పెట్టేసే ప్రమాదం ఉంది.

దశ 5: మూడు స్థాయుల్లో ఒకే పాట

హాలులో రికార్డ్ చేసిన కచేరీ దొరికితే మంచిది. మృదంగం, తంబుర, మధ్యమధ్యలో చప్పట్లు ఉండాలి. అర నిమిషం ముక్క ఎంచుకుని దాన్నే మళ్లీ మళ్లీ వినండి.

ముందు ఆధార స్థాయిలో. మృదంగం ఎడమ చేతి తొం శబ్దం నేల మీద ఆనినట్టు ఉందా? తంబుర గాయకుడి వెనక ఉందా, పక్కన ఉందా? చప్పట్లు ఆగాక హాలు ఇంకా వినిపిస్తోందా?

తర్వాత 20 డెసిబెల్స్ తగ్గించండి. మొదట ఎడమ చేయి మాయమవుతుంది. మృదంగం కాస్తా ఒంటి చేతి వాద్యమవుతుంది. దీనికి కారణం ఫ్లెచర్, మన్సన్ 1933లో బెల్ ల్యాబ్స్‌లో కొలిచి చూపించారు: శబ్దం తగ్గేకొద్దీ చెవికి బేస్ మీద పట్టు మరీ త్వరగా తగ్గిపోతుంది. ఐఎస్ఓ 226 అనే ప్రమాణం ప్రకారం, 1000 హెర్ట్జ్ దగ్గర 40 డెసిబెల్స్ ఉన్న శబ్దంతో సమానంగా వినిపించాలంటే 100 హెర్ట్జ్ బేస్ శబ్దానికి దాదాపు 64 కావాలి. అదే 80 దగ్గరైతే దాదాపు 92 చాలు. అంటే తేడా 24 నుంచి 12కి పడిపోయింది. బేస్ పోగానే శబ్దం పలచబడుతుంది, చిన్నదవుతుంది. పైన చెప్పిన రివర్బ్ తోక కూడా తెగిపోయి ఉంటుంది. ఎత్తు కూడా దెబ్బతింటుంది. శబ్దం పైనుంచి వచ్చిందా, వెనక నుంచి వచ్చిందా అన్నది చెవిడొప్ప ముడతలు పై పౌనఃపున్యాల్లో, ముఖ్యంగా 4000 హెర్ట్జ్ పైన, చేసే చిన్న చిన్న మార్పులను బట్టి తెలుస్తుంది. హెడ్‌ఫోన్స్‌లో శబ్దం చుట్టూ ఉన్నట్టు భ్రమ కలిగించే బైనారల్ ప్రాసెసింగ్ వాటినే అనుకరిస్తుంది. అవి వినికిడి అంచుకు దిగిపోతే తలపైన ఉండాల్సిన శబ్దం నుదుటి దగ్గరికి జారిపోతుంది.

చివరగా ఆధార స్థాయికి 10 డెసిబెల్స్ పైన, అర నిమిషమే. మొదటి క్షణం అద్భుతంగా ఉంటుంది, మోసం అక్కడే ఉంది. అన్నీ దగ్గరికి వచ్చాయి కాబట్టి బాగుందనిపిస్తుంది, కానీ ముందు వెనకల తేడా చూడండి. స్థాయి పెరిగేకొద్దీ బేస్ శబ్దాలు సన్నటి శబ్దాలను మరింతగా కప్పేస్తాయి. తొం పడ్డప్పుడల్లా తంబుర మసకబారుతుంది. ఇంకా గట్టిదైతే మధ్యచెవిలోని చిన్న కండరం బిగుసుకుని లోపలికి వెళ్లే శబ్దాన్ని, ముఖ్యంగా బేస్‌ను, తగ్గిస్తుంది. అంటే మీరు పెంచిన దానిలో కొంత మీ చెవే వెనక్కి లాగేస్తుంది. 1993లో హార్ట్‌మన్, రేకర్డ్ అనే పరిశోధకులు చేసిన ప్రయోగంలో, క్లిక్ లాంటి పొట్టి శబ్దాలు బాగా గట్టిగా ఉంటే అవి ముందు నుంచి వచ్చాయా, పైనుంచా, వెనక నుంచా అన్నది చెప్పడం వినేవాళ్లకు కష్టమైంది. తాళాలు, చిడతలు, చప్పట్లు అలాంటి పొట్టి శబ్దాలే. గట్టిగా పెడితే స్పష్టత పెరుగుతుందనే మన నమ్మకానికి ఇది పూర్తిగా ఎదురు.

ఫోన్‌లో వాల్యూమ్ గీతలన్నీ సమానం కావని గుర్తుంచుకోండి. కింది గీతల మధ్య దూకుడు పెద్దది, పై గీతల మధ్య చిన్నది కావచ్చు. "నాలుగు గీతలు తగ్గించాను" అంటే ఎన్ని డెసిబెల్స్ అనేది ఫోన్‌ని బట్టి మారుతుంది.

దశ 6: అట్మాస్‌నూ స్టీరియోనూ పోల్చే ముందు సమానం చేయండి

"అట్మాస్ పలచగా ఉంది" అనే ఫిర్యాదులో సగం ఇక్కడే తేలిపోతుంది. డాల్బీ అట్మాస్ సంగీతం సగటు గట్టితనం మైనస్ 18 లఫ్స్ (పాట మొత్తం సగటు గట్టితనానికి కొలత, సున్నాకు దగ్గరైతే గట్టి) దాటకూడదని నియమం ఉంది. ఇప్పటి సినిమా పాటల స్టీరియో మాస్టర్లు (తుది రికార్డింగులు) మైనస్ 8, మైనస్ 10 దగ్గర ఉండడం మామూలే. అంటే ఒకే వాల్యూమ్ దగ్గర స్టీరియో 8 నుంచి 10 డెసిబెల్స్ గట్టిగా ఉండవచ్చు. పది డెసిబెల్స్ అంటే చెవికి దాదాపు రెట్టింపు. గట్టిగా ఉన్నదే బాగుందని చెవి ఎప్పుడూ తీర్పు ఇస్తుంది.

యాప్‌లో సౌండ్ చెక్ లాంటి గట్టితనం సమం చేసే సదుపాయం ఉంటే ఆన్ చేయండి. లేకపోతే పాటలో గొంతు ఒక్కటే ఉన్న చోటు వెతికి, అది రెండింటిలోనూ ఒకే గట్టితనంలో వినిపించేలా చేత్తో సరిచేయండి. బేస్‌తో సమం చేయొద్దు, రెండు మిక్స్‌లలో బేస్ ఒకేలా ఉండదు. ఆ తర్వాత కూడా స్టీరియోనే నచ్చితే స్టీరియోనే వినండి. బలవంతంగా చుట్టూ తిప్పిన అట్మాస్ మిక్స్‌లు చాలానే ఉన్నాయి.

దశ 7: రాత్రిపూట మెల్లగా వినాల్సి వస్తే

అందరూ పడుకున్నాక 50 డెసిబెల్స్ దగ్గర వినాలంటే కొంత సర్దుబాటు కావాలి. ఈక్వలైజర్‌లో 100 హెర్ట్జ్ కింద 4 నుంచి 6 డెసిబెల్స్ పెంచండి, పై చివర ఒకటి రెండు చాలు. కొన్ని ఆంప్లిఫయర్లలో ఉండే లౌడ్‌నెస్ బటన్ చేసేది ఇదే పని. పగలు మళ్లీ ఆపేయడం మరిచిపోవద్దు. నైట్ మోడ్ జోలికి మాత్రం వెళ్లకండి. అది చిన్న శబ్దాలను పైకి లేపి పెద్దవాటిని అణుస్తుంది. తోక వినిపిస్తుంది కానీ దగ్గరిదీ దూరందీ ఒకే వరసలోకి వచ్చేస్తాయి. సినిమా డైలాగులకు సరే, సంగీతానికి కాదు.

ఇంట్లో మిక్సింగ్ చేసేవాళ్లకు ఇదే సూత్రం తిరగబడుతుంది. గట్టిగా వింటూ రివర్బ్ కలిపితే తోక పూర్తిగా వినిపిస్తుంది కాబట్టి తక్కువ వేస్తారు, మెల్లగా వినే శ్రోతకు పొడిపొడిగా చేరుతుంది. మరీ మెల్లగా వింటూ కలిపితే రివర్బ్, బేస్ రెండూ ఎక్కువైపోతాయి. ఒక స్థాయి గుర్తుపెట్టుకుని దాని దగ్గరే నిర్ణయాలు తీసుకోండి, మిగతా స్థాయుల్లో సరిచూసుకోవడం వరకే.

దశ 8: గంటల లెక్క

ప్రపంచ ఆరోగ్య సంస్థ, అంతర్జాతీయ టెలికమ్యూనికేషన్ యూనియన్ కలిసి పెట్టిన ప్రమాణం ప్రకారం పెద్దవాళ్లకు 80 డెసిబెల్స్ దగ్గర వారానికి 40 గంటలు హద్దు. ప్రతి 3 డెసిబెల్స్ పెరుగుదలకు సమయం సగమవుతుంది: 83 దగ్గర 20 గంటలు, 86 దగ్గర 10, దాదాపు 90 దగ్గర 4. మనం పట్టుకున్న ఆధార స్థాయి ఈ హద్దుకు కిందే ఉంది.

గట్టిగా చాలాసేపు విన్నాక చెవి కాసేపు మొద్దుబారుతుంది. అప్పుడు ముందు పోయేవి చిన్న శబ్దాలే, అంటే తోకలు, తంబుర. అవి వినిపించక మరికాస్త పెంచుతాం, చెవి మరికాస్త మొద్దుబారుతుంది. గంటకోసారి పది నిమిషాలు హెడ్‌ఫోన్స్ తీసేయండి. తిరిగి పెట్టుకున్నప్పుడు అదే వాల్యూమ్ ఎక్కువగా అనిపిస్తే, అంతకుముందు మీరు పెంచేసి ఉన్నారని లెక్క. చెవుల్లో గుయ్ మని మోగినా, ఒక చెవి మూసుకుపోయినట్టు ఉన్నా ఆ రోజుకు ఆపేయండి. మర్నాటికీ తగ్గకపోతే ఈఎన్‌టీ డాక్టర్‌కి చూపించండి.

పిల్లలకు అదే 40 గంటలకు హద్దు 75 డెసిబెల్స్. ఐఫోన్‌లో సౌండ్స్ అండ్ హాప్టిక్స్ కింద హెడ్‌ఫోన్ సేఫ్టీలో గట్టి శబ్దాన్ని తగ్గించే పట్టీ 75 నుంచే మొదలవుతుంది, దాన్ని అక్కడే పెట్టండి. చాలా ఆండ్రాయిడ్ ఫోన్లలో మీడియా వాల్యూమ్‌కి పరిమితి పెట్టే సెట్టింగ్ ఉంటుంది, వాటిలో కొన్నింటికి పిన్ కూడా పెట్టుకోవచ్చు.